స్టీలు గ్లాసు, స్ట్రా, జోన్ క్రాస్

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మళ్ళీ కోరస్‌లోనే, ఆ గుంపు పాటలోనే వేశారమ్మా. ఇక పాఠాలు చెప్పుకుని బతకడమే" అన్నావు. ముప్పై ఏళ్ళుగా సరళీ వరసలు చెప్పుకుని బతుకుతున్న మనిషే ఫోనుకు ఇవతల ఉందని మర్చిపోయినట్టున్నావు. కోపం రాలేదులే, కాస్త చురుక్కుమంది.

నువ్వు లండన్ వెళ్ళాకే కదా నేను ఒపెరా, అదే పాటలతోనే నడిచే ఆ నాటకాలు, వినడం మొదలుపెట్టింది. మొదట్లో అరుపుల్లా ఉండేవి. మొన్న సెలవులకొచ్చి, గొంతు సాధనకని స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రా ముంచి, బుడగలు తెప్పిస్తూ స్వరాన్ని పైకీ కిందికీ జార్చావు చూడు, అప్పుడు తెలిసింది ఆ చాకిరీ ఏమిటో. నాన్న పేపరు దించి "ఇందుకా మనం లోను తీసుకుంది?" అన్నారు. ఆర్కెస్ట్రా బలమంతా 500 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఎక్కువనీ, సాధన చేసిన గొంతు 3000 దగ్గర మెరుపు తెచ్చుకుని మైకు లేకుండానే దాన్ని దాటిపోతుందనీ నువ్వు చెప్తుంటే, ఆయన గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నారు.

సరే, ఒపెరా గాయని జోన్ క్రాస్ సంగతి చెప్తాను. మీ ఊరావిడే, 1900లో లండన్లో పుట్టింది. చదువుకున్న బడిలో సంగీతం మాస్టారు స్వరకర్త గుస్టావ్ హోల్స్ట్. ముందు వయొలిన్ నేర్చుకుని, తర్వాత పాటకు మళ్ళింది. ఓల్డ్ విక్ థియేటర్లో కోరస్‌లో చేరింది. అవును, నీలాగే వెనక వరసలో. దాన్ని నడిపే లిలియన్ బేలిస్ గట్టి పిండం. కూలీనాలీ జనం కూడా చూడాలని తక్కువ టిక్కెట్టుకు ఇంగ్లీషులో ఒపెరాలు వేయించేది, జీతాలూ అలాగే ఇచ్చేది. ఆట నడుస్తుంటే స్టేజీ పక్కనే సాసేజీలు వేయించుకునేదట. ఆ వాసన మధ్య పాడుతూ పాడుతూ క్రాస్ ముఖ్య పాత్రలకు ఎదిగింది. 1931లో శాడ్లర్స్ వెల్స్ థియేటర్ మళ్ళీ తెరిచాక అక్కడ ప్రధాన గాయని అయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ థియేటర్ ఇళ్ళు పోయినవాళ్ళకు ఆశ్రయమైంది. అక్కడి ఒపెరా కంపెనీ ఊళ్ళు పట్టుకు తిరిగింది. దాని నిర్వహణ క్రాస్ మీద పడింది. పాట పక్కన పెట్టి లెక్కలూ, మనుషులూ చూసుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాతిది. థియేటర్ మళ్ళీ తెరిచేటప్పుడు పాత ఒపెరా ఏదో వేసేస్తే గొడవే లేదు. ఆవిడ బెంజమిన్ బ్రిటన్ అనే ముప్పై దాటీ దాటని కుర్ర స్వరకర్త కొత్త ఒపెరా 'పీటర్ గ్రైమ్స్' ఎంచుకుంది. కంపెనీలోనే చాలామంది గొణిగారు. 1945 జూన్ 7న, ఐరోపాలో యుద్ధం ముగిసి నెల తిరగకుండానే, అది వేదికెక్కింది.

అందులో ఆవిడ వేసిందేమిటో తెలుసా? బడి పంతులమ్మ ఎల్లెన్. ఒక పిల్లాడి స్వెటర్ ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని చేతిలోకి తీసుకుని, దాని మీది లంగరు బొమ్మ తను కుట్టిందేనని గుర్తుపట్టే ఘట్టం ఉంది. అక్కడ ఏడుపు పాటలోకి రాదు, కుట్టుపని గురించే పాడుతుంది. నేను దాన్ని మూడుసార్లు విన్నాను, కూర మాడింది.

ఆ ఒపెరా గెలిచినా, కంపెనీలో గొడవలు తెగక క్రాస్ బయటికి వచ్చేసింది. 1948లో, పాడటం మానకుండానే, సాటి గాయని ఆన్ వుడ్‌తో కలిసి ఒపెరా బడి పెట్టింది. గమనించావా? 1953లో లండన్ కోవెంట్ గార్డెన్ ఒపెరా హౌస్‌లో ఆ బ్రిటన్ రాసిన 'గ్లోరియానా'లో మొదటి ఎలిజబెత్ రాణి, మరుసటి ఏడు వెనిస్‌లో అతని 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'లో ఇల్లు చూసుకునే ఆవిడ, ఇవన్నీ బడి నడుస్తుండగానే. రాణి వేషం వేసినావిడ మర్నాడు పిల్లల ముందు నుంచుని అడుగు ఎలా వేయాలో చెప్పి ఉంటుందని ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది. 1955లో వేదిక వదిలినా బడి సాగింది.

నువ్వు పాఠాలు చెప్పమని కాదు నేననేది. చెప్పుకో, మానుకో, నీ ఇష్టం. "బతకడమే" అని ఆ దీర్ఘం తీశావు చూడు, అది ఒక్కటీ తీసెయ్.

శాడ్లర్స్ వెల్స్ మీ గదికి దగ్గరే కదా. అటు వెళ్ళినప్పుడు ఒక ఫోటో తీసి పంపు. ఇప్పుడున్నది కొత్త భవనమేనని తెలుసు, అయినా పంపు.

ఇక్కడ నాలుగో ఇంటి పిల్లాడు పిళ్ళారి గీతంలోకి వచ్చాడు, రిషభం మాత్రం ఇంకా జారుస్తున్నాడు. నీ స్ట్రా మందు వాడికీ వేసి చూశాను. సగం నీళ్ళు తాగేశాడు. అదిగో, గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు. పాఠానికి పిల్లలు వచ్చేశారు. ఉంటాను.

అమ్మ