మంత్రిగారూ, కొల్లేటి నత్తల్ని కూడా కాస్త లెక్కలో వేయండి

అటవీ శాఖ మంత్రిగారికి నమస్కారం.

మాది కొల్లేటి పక్క ఊరు. 1999లో అభయారణ్యం అన్నప్పుడూ, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, అదే రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడూ, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడూ మా చెవిన పడ్డవి మూడే మాటలు: పక్షులు, చెరువులు, ఐదో కాంటూరు (అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా గీసిన అభయారణ్యం హద్దు). నత్త ఊసే లేదు. మరి నత్తగుల్ల కొంగ ఏం తిని బతుకుతుందండీ? పేరులోనే ఉంది కదా!

మనుషులూ తింటారు. మా అమ్మమ్మ నత్తల్ని రాత్రంతా నీళ్లలో ఉంచి బురద కక్కించి, పొద్దున్నే బాగా ఉడకబెట్టి, పిన్నీసుతో కండ లాగి, ఉప్పూ పసుపూ వేసి జిగురు పోయేదాకా పిసికి కడిగి ఇగురు పెట్టేది. మూలశంకకు మంచిదని కొందరు కొనుక్కుంటారు, అదెంత నిజమో నాకు తెలీదు గానీ, చేప కొనలేని ఇంట్లో ఆ రోజుకి నీచు కూర అదే.

నీళ్లు తీశాక నత్త బురదలోకి దిగి మూత బిగించుకుని పడుకుంటుంది, వానలు పడ్డాక లేచి గట్టు వారన తడిమట్టిలో గుడ్లు పెడుతుంది. సరిగ్గా అది పడుకున్న నెలల్లోనే మనం పొక్లెయిన్లు దింపి ఆ బురదంతా ఎత్తి ఎండలో పోస్తాం, తర్వాత గట్టుకి రాయి కడతాం. ఇంక గుడ్లెక్కడ పెట్టాలి? చేపకి రోగాలొస్తాయని చెరువుల్లో నత్తల మందు కొడతారు, ఆ నీళ్లు వదిలితే చేరేది మళ్లీ కొల్లేట్లోకే.

ఆల్చిప్పలది ఇంకో కథ. వాటి పిల్లలు కొన్నాళ్లు చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుంటే గానీ బతకవు, అంటే నాటు చేప పోతే చిప్పా పోతుంది. పైగా అది నీళ్లు వడగట్టుకుని తినే జీవి, నీటిలో విషముంటే దాని ఒంట్లో చేరుతుంది, అక్కణ్ణుంచి మన కంచంలోకి. అందుకే ఏడాదికోసారైనా నత్తల్నీ చిప్పల్నీ ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించండి.

పూడిక తీసేటప్పుడు ఒక పక్కన్నా కదపకుండా వదలమనండి, కొంత గట్టు మట్టిగానే ఉంచండి. మేతకని ఎవరైనా బస్తాలకు బస్తాలు ఎత్తుకుపోతుంటే ఆపండి, అంతేగానీ బుట్ట పట్టుకుని కూరకి ఏరుకునే ఆడవాళ్ల మీద కేసులు పెట్టి మేం కాపాడేశాం అనకండి. జనవరిలో పక్షుల్ని లెక్కపెట్టడానికి ఎలాగూ మనుషులొస్తారుగా, వాళ్లకే తలా ఒక బుట్ట ఇచ్చి నత్తల్ని కూడా లెక్కపెట్టమనండి.

ఇట్లు,
కొల్లేటి నత్తల ఇగురు తిని పెరిగినవాణ్ణి