మతిమరుపు వచ్చిన పెద్దలకు నడిచే చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

మా నాయనకు 74 ఏళ్లు. చెనక్కాయ పంట పెట్టి, చేను గట్ల మీదే బతుకంతా నడిచిన మనిషి. రెండేళ్ల కిందట అనంతపురంలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికే మతిమరుపు మొదలైంది. ఒకరోజు పాలకని బయలుదేరి, క్లాక్‌టవర్ దగ్గర నిలబడి "మా ఇల్లు యాడుందప్పా?" అని ఆటో అబ్బాయిని అడిగాడట. ఆ భయంతో మేం ఆయన్ను ఇల్లు కదలనివ్వలేదు. అదే మేం చేసిన తప్పు. ఆరు నెలలకే కాళ్లలో పట్టు పోయింది. పగలంతా కునుకు, రాత్రంతా జాగారం.

మందులతో పాటు రోజూ నడిపించమన్నారు డాక్టరు. నడకతో డిమెన్షియా (ఈ మతిమరుపు జబ్బు) నయమవుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మొద్దు. 2018లో బ్రిటన్‌లో ఆ జబ్బు ఉన్నవాళ్లతో గట్టి వ్యాయామం చేయించి చూస్తే ఒళ్లు బలపడింది గానీ మతిమరుపు ఆగలేదు. జబ్బు లేని పెద్దవాళ్ల సంగతి వేరు. 2011లో అమెరికాలో 120 మందితో చేసిన పరిశోధనలో, ఏడాదిపాటు వారానికి మూడుసార్లు 40 నిమిషాలు నడిచినవాళ్లకు జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్ 2 శాతం దాకా పెరిగింది. అంటే నడక ముందునుంచే ఉండాలి. వచ్చాక కూడా మానకూడదు. నడిచిన రోజు నాయన సంగటి కడుపునిండా తిని రాత్రి నిద్రపోతాడు. మా ఇంటికి అదే పెద్ద ఊరట.

కానీ ఎక్కడ నడిపించాలి? మా వీధి పార్కుకు పొద్దున 8కే తాళం పడుతుంది, మళ్లీ తీసేది సాయంత్రం 6కు. లోపల టైల్స్ పైకి లేచి ఉన్నాయి. మొన్న చెప్పు తట్టుకుని నాయన ముందుకు తూలాడు, చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. కూర్చోను బెంచీ ఒకటే, పట్టుకోను కమ్మీ లేదు, మరుగుదొడ్డికీ తాళమే. మరుగుదొడ్డి లేకపోతే ఈ వయసువాళ్లు ఇల్లే దాటరు. ఫుట్‌పాత్ మీద నడుద్దామంటే బండ్లు, అంగళ్లు.

65 దాటినవాళ్లు కూడా వారానికి 150 నిమిషాలు నడకలాంటి శ్రమ చేయాలని, మూడు రోజులు తూలు రాకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి పెద్ద ఖర్చేం కాదు. ఊళ్లో నాలుగు వైపులా ఒక్కో పార్కులో చదునైన గుండ్రటి దారి, పక్కన కమ్మీ, ఒకటే గేటు, దగ్గర ఒక కాపలా మనిషి ఉంటే చాలు. ఒకటే గేటైతే మతిమరుపు ఉన్నవాళ్లు తప్పిపోరు, మాకూ టెన్షన్ ఉండదు. టైల్స్ బాగు చేయడానికి నిధులు రావాలంటారేమో. గేటు పొద్దున 5కు తీసి, 9 దాకా ఉంచడానికి ఆ మాట లేదు. అది ఈ వారమే చేయొచ్చు.

– ఒక పాఠకురాలు, అనంతపురం