గుణుపురం నేస్తానికి, రాయగడ నుంచి

ఏమే,

బిడ్డ కోసం చేయించుకున్న నీ రిపోర్టులు చూశాను. నీది పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండాలు సరిగా విడుదల కాని సమస్య. ‘నీటిబుడగలు’ అన్న మాటకే హడలిపోకు. అవి గడ్డలు కావు, ఎదుగుతూ మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. నీకు అండాలు లేక కాదు, అవి వేళకి పండి బయటికి రావడం లేదు.

పద్నాలుగో రోజు చుట్టూ లెక్కేసుకుంటున్నావు చూడు, తప్పు అక్కడే! ఆ లెక్క 28 రోజులకి డేట్ వచ్చేవాళ్లది. అండం విడుదలయ్యేది తర్వాతి డేట్‌కి సుమారు రెండు వారాల ముందు. నీకు 38 రోజులకి వస్తోంది కాబట్టి, అది 24వ రోజు ప్రాంతంలో. అండం వదిలాక పెరిగే హార్మోన్ ప్రొజెస్టరాన్‌ని 21వ రోజు చూపించుకుని తక్కువొచ్చిందని ఏడ్చావట. ఆ రోజుకి అండమే వదలలేదు తల్లీ. 31వ రోజు చేయించు, మిల్లీలీటరుకి 3 నానోగ్రాములు దాటితే వదిలినట్టే. మందుల షాపులో దొరికే ఎల్‌హెచ్ (అండం వదిలే ముందు పెరిగే హార్మోన్) స్ట్రిప్పుల మీద డబ్బు తగలెయ్యకు. పీసీఓఎస్‌లో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువుంటుంది, అండం లేకపోయినా రెండో గీత ముదురుగా వచ్చేస్తుంది. రోజు విడిచి రోజు కలిసి ఉండండి, చాలు.

అండం ఎదగడానికి రాసిన లెట్రోజోల్‌ని షాపతను క్యాన్సర్ మందన్నాడని మానెయ్యకు. రొమ్ము క్యాన్సర్‌కీ వాడతారు, నిజమే. నీకైతే ఐదు రోజులే: గర్భం లేదని చూసుకుని, డేట్ వచ్చిన మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా, రోజుకి 2.5 మిల్లీగ్రాములు. ఈస్ట్రోజన్ కాస్త తగ్గేసరికి మెదడు నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పెరిగి సంచిని ఎదగనిస్తుంది. 2014లో 750 మంది మీద, ఇదే పనికి వాడే పాత మందు క్లోమిఫెన్‌తో పోల్చి చూస్తే, బిడ్డ పుట్టినవాళ్లు దీనితో 27.5 శాతం, దానితో 19.1. పన్నెండో రోజుకి మొదటి స్కాన్‌కి రా, సంచి 18-20 మిల్లీమీటర్లు కావాలి. ఎదగకపోతే డాక్టరమ్మ వచ్చే నెల మందుని 5 మిల్లీగ్రాములకి పెంచుతుంది. నీ అంతట నువ్వు పెంచకు.

మెట్‌ఫార్మిన్ (పీసీఓఎస్‌కీ ఇచ్చే షుగర్ మందు) పరగడుపున మింగితే విరోచనాలు కాక ఏమవుతాయి? రాత్రి అన్నం మధ్యలో 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, డాక్టరమ్మ చెప్పినట్టు వారం వారం పెంచుకో. చోడి (రాగి) అంబలి మంచిదే గానీ, అదొక్కటే గ్లాసులకొద్దీ తాగకు. గుడ్డో చేపో పప్పో పక్కనుండాలి. నీ 72 కిలోల్లో మూడున్నర తగ్గినా అండం కదలొచ్చు.

మీ ఆయన వీర్య పరీక్ష ఇంకా చేయించలేదేం? రెండు నుంచి ఏడు రోజులు ఎడం పాటించి ఇమ్మను. అది చూడకుండా నీకు నెలలకొద్దీ మందులివ్వడం అన్యాయం. మన వైపు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి బిడ్డకొచ్చే రక్తజబ్బు) ఉంది కదా, ఇద్దరూ ఆ రక్తపరీక్ష కూడా చేయించుకోండి. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు ఈరోజే మొదలుపెట్టు.

మూడు నెలలు డేట్ రాకపోతే మాత్రం ఊరుకోకు, గర్భసంచి పొర మందమైపోతుంది. వచ్చేటప్పుడు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) పరీక్షల కాగితాలు మర్చిపోకే.