రామలింగరాజు ఎవరి మనిషి?

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాశావు గానీ అందులో మూడు పేజీలు రామలింగరాజు పెట్టి ముంచిన ఐటీ కంపెనీ సత్యం గోలే. "ఆ రామలింగరాజు మీవాళ్లు పెంచిన మనిషేరా, ఇప్పటికైనా ఒప్పుకో" అట. కంపెనీ కూలి పదిహేనేళ్లు దాటిపోయినా నువ్వీ పాట ఆపవన్నమాట. నాకు సైకిల్ గుర్తు తగిలించడం నీకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న సరదా, అది వదిలేస్తున్నాను. కానీ మీ బావగారు కనపడ్డప్పుడల్లా అదే రాజుగారు "హస్తం వాళ్ల" మనిషని నాకు క్లాసు పీకుతాడు. మీ బావాబావమరుదులిద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేసి, ఆయన ఏ పార్టీయో తేలేదాకా అన్నం పెట్టకూడదు.

సరే, తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి నా మాట కూడా విను.

2009 జనవరి 7న ఆయన బోర్డుకి రాసిన ఉత్తరం బయటపడింది కదా. పులి మీద స్వారీ చేస్తున్నాను, దిగితే తినేస్తుంది, ఎలా దిగాలో తెలియలేదు అన్నాడే, అది. అందరికీ ఆ పులే గుర్తుంది. దాని పైనున్న అంకెలు ఎవడికీ గుర్తులేవు. పుస్తకాల్లో నగదూ బ్యాంకు నిల్వలూ 5,361 కోట్లుంటే అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవన్నాడు. అంతకు ముందు సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు, నిజంగా వచ్చింది 61 కోట్లట. అన్నీ కలిపి లెక్క 7,136 కోట్లకు తేలింది. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికొచ్చి పడింది.

ఇక మొదలైంది చూడు. ఎన్నికలు మూడు నెలల్లో ఉన్నాయి. తెలుగుదేశం వాళ్లేమో, రాజుగారి కొడుకుల కంపెనీ మేటాస్‌కి హైదరాబాద్ మెట్రో ఇచ్చిందెవరు, బందరు పోర్టు ఇచ్చిందెవరు, జలయజ్ఞం పనులిచ్చిందెవరు అని. కాంగ్రెస్ వాళ్లేమో, సైబరాబాద్ రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని దేశదేశాల వాళ్లకి చూపించి మురిసిపోయిందెవరు అని. తమాషా ఏమిటంటే ఇద్దరూ చెప్పింది నిజమే! చంద్రబాబుకి హైటెక్ సిటీ కథ చెప్పడానికి ఒక తెలుగు ఐటీ కంపెనీ కావాలి, అది దొరికింది. రాజశేఖరరెడ్డి వచ్చాక ప్రాజెక్టులు కట్టడానికి కంపెనీలు కావాలి, అవీ ఆ ఇంట్లోనే దొరికాయి. 2005లో 108 అంబులెన్సు మొదలుపెట్టిన సంస్థా రాజుగారిదే, దాన్ని రాష్ట్రమంతా నడిపించి పేరు తెచ్చుకున్నది ప్రభుత్వం. అధికారం ఎటు మారితే ఆయన కుర్చీ అటు జరిగింది, అంతే. నీ ప్రశ్నకి నా సమాధానం ఇది. నీకు నచ్చదని తెలుసు.

మూడో పార్టీ ఒకటుంది, నీకు తెలియకపోవచ్చు. అది రాజుగారి సొంత ప్రాంతం, భీమవరం వైపు. అక్కడ ఆ రోజుల్లో ఎవరినడిగినా "పాపం, మంచోడండీ, ఎవరో ఇరికించారు" అనేవాళ్లు. రాజుగారి కుటుంబం ఫౌండేషన్ ఊళ్లలో మంచినీళ్ల ప్లాంట్లు పెట్టింది, బళ్లు బాగుచేయించింది. తాగే నీళ్లు ఎదురుగా కనపడుతున్నప్పుడు బ్యాలెన్సు షీటు గురించి ఎవడు వింటాడు చెప్పు. వాళ్లని నేను తప్పు పట్టను. పార్టీ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ల కంటే వీళ్ల అభిమానానికి కనీసం ఒక కారణముంది.

ఇంతకీ డబ్బు ఎలా మాయమైందో మీ ఇద్దరిలో ఒక్కరైనా ఎప్పుడైనా మాట్లాడారా? నాకు ఆ భాగమే ఇష్టం. మాయమవడానికి ముందు ఉండాలి కదా, చాలా మటుకు అది లేనేలేదు. చేయని పనికి బిల్లులు తయారుచేశారు. అలాంటి దొంగ ఇన్వాయిస్‌లు ఏడు వేలకు పైగా ఉన్నాయని సీబీఐ తేల్చింది. కంప్యూటర్లో వాటికి వేరే గుర్తుండేది: నిజం బిల్లుకి 'ఎస్', దొంగ బిల్లుకి 'హెచ్'. 'ఎస్' అంటే సీ, చూడొచ్చని; 'హెచ్' అంటే హైడ్, దాచాలని. 'హెచ్' బిల్లు మామూలు ఉద్యోగికి తెర మీద కనపడదు, కానీ ఆదాయం లెక్కలోకి మాత్రం వచ్చి కూర్చుంటుంది. ఎంత శ్రద్ధగా చేశారో చూడు! ఆ వచ్చినట్టు చూపిన డబ్బు ఎక్కడుందంటే ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉందని నకిలీ రసీదులు, బ్యాంకులు ఇచ్చినట్టు నకిలీ ఉత్తరాలు.

ఇక్కడ ఆగు. డిపాజిట్ ఉందా లేదా అని ఆడిటర్ నేరుగా బ్యాంకుకి రాసి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. కామర్స్ మొదటి పాఠాల్లోదే ఇది. సత్యం లెక్కలు చూసే ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ వాళ్లు ఆ పని కంపెనీ చేతికే వదిలేశారు. దొంగని పట్టుకోడానికి రాసిన ఉత్తరాన్ని దొంగ చేతికే ఇచ్చి పోస్టు చేయమన్నట్టు. ఈ సంగతి మీద 2011లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకి ఆ ఆడిట్ సంస్థలు 60 లక్షల డాలర్లూ సత్యం కోటి డాలర్లూ జరిమానా కట్టాయి. ఇక బోర్డులో ఎవరున్నారు? హార్వర్డ్ ప్రొఫెసరు, ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు డీను, కేబినెట్ సెక్రటరీ చేసి రిటైరైన అధికారి. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది ఈ కంపెనీకి. నవ్వాలో ఏడవాలో తెలీదు. వీళ్లలో ఎవరు ఏ పార్టీ? బ్యాంకు ఉత్తరం మీద దొంగ సంతకం ఏ జెండా చూసి పెట్టారు?

అసలీ వ్యవహారానికి బ్రేకు వేసినవాళ్లు కూడా పార్టీలవాళ్లు కారు. 2008 డిసెంబరు 16న 160 కోట్ల డాలర్లు పెట్టి కొడుకుల కంపెనీలు మేటాస్ రెండింటినీ కొనడానికి రాజుగారు సత్యం బోర్డు చేత సరేననిపించాడు. లేని నగదుని ఉన్న భూములతో కప్పేద్దామని. షేర్లున్న ఫండ్లవాళ్లు మండిపడ్డారు, న్యూయార్కులో షేరు సగానికి పైగా పడింది, కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఆ దారి మూసుకుపోయాకే మూడు వారాలకి ఆ పులి ఉత్తరం.

అలాగని రాజకీయం లేదనను. ఉన్నచోటు మెట్రో. దాని గురించి నీకు నిజంగా కోపం రావాలి, ఎందుకో రాదు. 2008లో మేటాస్ వాళ్ల కన్సార్టియం, అంటే కంపెనీల కూటమి, మెట్రో కట్టడానికి ప్రభుత్వం నుంచి పైసా అడగలేదు సరికదా, తామే ఎదురు 30,311 కోట్లు ఇస్తామంది. ప్రపంచంలో మెట్రోలన్నీ ప్రభుత్వం డబ్బు కోసం చూస్తుంటే వీళ్లు ఎదురివ్వడమేమిటని అడగాలా వద్దా? అడిగినవాడు ఒక్కడే, ఢిల్లీ మెట్రో శ్రీధరన్. 296 ఎకరాల విలువైన భూమిని వ్యాపారానికి ఇచ్చేస్తున్నారు, రేపు ఇది పెద్ద రాజకీయ కుంభకోణమవుతుంది అని ఆ సెప్టెంబరులోనే ప్రణాళికా సంఘానికి రాశాడు. రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? క్షమాపణ చెప్పు, లేకపోతే పరువునష్టం దావా వేస్తాం అంది. అప్పుడు చూడాల్సింది మనవాళ్లని. ప్రతిపక్షం వాళ్లకి ఆ ఉత్తరం సభల్లో ఊపడానికి పనికొచ్చింది. అధికారపక్షం అభిమానులకి అది "మన ప్రభుత్వం మీద కుట్ర". ఆ 30 వేల కోట్ల అంకె దగ్గర ఆగి, ఇది కుదిరే పనేనా అని కాగితం మీద లెక్కేసినవాడు నాకు మన బృందంలో ఒక్కడూ తగల్లేదు. ఆఖరికి బ్యాంకులెవరూ అప్పివ్వక, 2009 జులైలో ఒప్పందం రద్దయింది. మరుసటేడు ఎల్ అండ్ టీ వాళ్లు 1,458 కోట్ల ప్రభుత్వ సాయం తీసుకుని కట్టడానికి ఒప్పుకున్నారు. ఎదురివ్వడం ఎక్కడ, తీసుకోవడం ఎక్కడ!

అరెస్టు విషయంలో, రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ని కాపాడిందన్న మీ బావగారి అనుమానం పూర్తిగా కొట్టిపారేయలేను. జనవరి 9 రాత్రి రాష్ట్ర సీఐడీ పట్టుకుంది. జైల్లో ఆయన్ని ప్రశ్నించడానికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి అనుమతి తెచ్చుకోవాల్సొచ్చింది. సీబీఐకి కేసు ఫిబ్రవరిలో గానీ వెళ్లలేదు. ఎవరైనా ఎవర్నైనా కాపాడారో లేదో నాకు తెలీదు గానీ, అనుమానించడానికి సందు ఇచ్చింది మాత్రం ప్రభుత్వమే. అదే సమయంలో కేంద్రం మాత్రం చకచకా పాత బోర్డుని తీసేసి దీపక్ పారేఖ్, కిరణ్ కర్ణిక్ లాంటి వ్యాపార, ఐటీ రంగాల పెద్దల్ని కూర్చోబెట్టింది. ఏప్రిల్‌లో షేరు 58 రూపాయలకి టెక్ మహీంద్రా కొనుక్కుంది. వేలమంది ఉద్యోగాలు నిలబడ్డాయి. ఇంత మంచి పనిని ఏ పార్టీ అభిమానీ నాతో గొప్పగా చెప్పగా వినలేదు. తిట్టడానికి పనికిరాదు కదా మరి.

ఈ జబ్బు మనకొక్కరికే అనుకోకు. 2001 చివర్లో ఎన్‌రాన్ అనే ఇంధన కంపెనీ లెక్కల మోసంతో కూలినప్పుడు అమెరికాలోనూ ఇదే తంతు. బుష్ స్నేహితుడి కంపెనీ అని డెమోక్రాట్లు, క్లింటన్ హయాంలో ఎదిగిందని రిపబ్లికన్లు. ఆ కంపెనీ చందాలు రెండు పార్టీలకీ వెళ్లాయి, రిపబ్లికన్లకి ఎక్కువ. అక్కడ కనీసం మరుసటేడే ఆడిటర్ల మీద గట్టి చట్టం తెచ్చారు. మనకి కొత్త కంపెనీల చట్టం రావడానికి 2013 దాకా పట్టింది.

ఎన్నికల్లో ఏమైందో నీకు తెలుసు, మీ కాంగ్రెస్ వాళ్లు 294లో 156 తెచ్చుకుని మళ్లీ గెలిచారు. ఇంత రచ్చా ఓట్లలో ఏమీ తేల్చలేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుగారికీ తమ్ముళ్లకీ ఆడిటర్లకీ కలిపి పదిమందికి ఏడేళ్ల జైలు వేసింది. ఆ మరుసటి నెలలోనే బెయిలొచ్చింది. అప్పటికి రాష్ట్రమే రెండైంది, రాజశేఖరరెడ్డి పోయి ఐదేళ్లు దాటింది, జనం వేరే గొడవల్లో ఉన్నారు. తీర్పు వచ్చిన రోజు నువ్వు నాకు ఫోన్ కూడా చేయలేదు, గుర్తుందా? దోషి అని కోర్టు చెప్పిన రోజున ఆయన ఎవరి మనిషో ఎవరికీ అక్కర్లేకపోయింది.

కాబట్టి మూర్తీ, మళ్లీ రాసేటప్పుడు మూడు పేజీలూ రాజుగారికే కేటాయించినా పర్లేదు గానీ, ఒక్క పేజీ ఆడిటర్లకివ్వు. మీ బావగారికి ఈ ఉత్తరం చూపించు, ఆయన ఎలాగూ నేను నీ వైపే మాట్లాడానంటాడు. పిల్లది ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుందో రాయలేదు. సీఏ వైపు వెళ్తానంటే మాత్రం ఆపకు.

ఉంటాను మరి,
నీ
సత్తిబాబు