2024 వార్షిక నివేదిక: నిఘా చట్టంపై మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి నివేదికలో చూడండి. ఈసారి ఎక్కువ చోటు అమెరికా ఫీసా (విదేశీ గూఢచార నిఘా) చట్టంలోని 702వ సెక్షన్‌కే ఇస్తున్నాను. అమెరికాలో ఉండి ఇండియాకు రోజూ ఫోన్ చేసే మనకు ఇది ఇంటి విషయమే.

అమెరికా బయట ఉన్న విదేశీయుల కాల్స్, ఈమెయిళ్లు గూఢచార అవసరాల కోసం సేకరించడానికి 2008లో వచ్చిన సెక్షన్ ఇది. ఈ చట్టం కింద పనిచేసే ప్రత్యేక ఫీసా కోర్టు ఏడాదికోసారి ఆ పద్ధతులను పరిశీలించి ఆమోదిస్తుంది, అంతే. ఒక్కో మనిషికి విడిగా వారెంటు ఉండదు. అవతలి వ్యక్తి మీద నిఘా ఉంటే ఇవతల మాట్లాడినవాళ్ల మాటలూ అందులో చేరతాయి. ఆ డేటాలో ఇక్కడి పౌరుల పేర్లతో వెతకడానికి కూడా ఎఫ్‌బీఐకి చాలా సందర్భాల్లో జడ్జి అనుమతి అక్కర్లేదు. 2023లో అలా 57,094 సార్లు వెతికినట్టు ప్రభుత్వమే లెక్క చెప్పింది.

ఇలా వెతకాలంటే వారెంటు ఉండాలన్న సవరణ ఏప్రిల్ 12న ప్రతినిధుల సభలో 212–212 ఓట్లతో వీగిపోయింది. ఓట్లు సమానమైతే సవరణ ఓడినట్టే. ఇంకొక్క ఓటు పడి ఉంటే గెలిచేది! ఆ వారం తమ ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసిన సభ్యులందరికీ కృతజ్ఞతలు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ కాబట్టి మనం ఏ అభ్యర్థినీ సమర్థించలేదు, వారెంటు గురించి మాత్రమే మాట్లాడాం. ఏప్రిల్ 20న అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన కొత్త చట్టంతో సెక్షన్ గడువు మరో రెండేళ్లు పెరిగింది.

అవగాహన సభలో ఒక పెద్దావిడ, "మా అక్కతో బీపీ మాత్రల గురించి మాట్లాడేది కూడా వింటారా నాయనా?" అని అడిగారు. అలాంటి కాల్స్ ఈ చట్టం గురి కాదని మన లాయర్ సభ్యులు ఓపిగ్గా చెప్పాక ఆవిడ టెన్షన్ తగ్గింది. కానీ నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. వీగిపోయిన ఆ సవరణ కూడా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే రక్షణ ఇచ్చేది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్న హెచ్1బీ (ఉద్యోగ వీసా) కుటుంబాలు అందులో లేవు. పైగా ఇక్కడికి రావాలనుకునే విదేశీయుల వివరాలను ఆ డేటాతో సరిచూసుకునే వీలు కొత్త చట్టం కల్పించింది. అమ్మానాన్నల విజిటర్ వీసాలూ ఇందులోకే వస్తాయి.

2024 చట్టం సెక్షన్‌కు పెట్టిన గడువు 2026 ఏప్రిల్ వరకే. వారెంటు నిబంధన కోరుతూ, అందులో హెచ్1బీ వాళ్లనూ చేర్చాలంటూ ఒక తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. దయచేసి వచ్చి ఓటు వేయండి.

— కార్యదర్శి