ఏబీఎస్ లేని ఆర్15ని ఏబీఎస్ ఉందని అమ్మారు: సెకండ్ హ్యాండ్ బైక్‌ల కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ కూకట్‌పల్లి సెంటర్‌లో కొన్న యమహా ఆర్15 వెర్షన్ 3 (వీ3) బైక్‌కు, మీరు రాసిన డ్యూయల్ ఛానెల్ ఏబీఎస్ (బ్రేక్ కొట్టినప్పుడు రెండు చక్రాలూ పట్టేయకుండా చూసే ఏర్పాటు) లేకపోవడం గురించి.

అయ్యా,

మా తమ్ముడి కోసం మీ దగ్గర సెకండ్ హ్యాండ్ ఆర్15 కొన్నాం. డబ్బు మొత్తం కట్టేశాం. ఆర్‌సీ మావాడి పేరు మీదికి మారింది, కాగితాల పని మీవాళ్ళు చక్కగానే చేశారు. గొడవంతా బండి గురించే. మీ యాప్‌లో "2019 మోడల్, వీ3, డ్యూయల్ ఛానెల్ ఏబీఎస్" అని పెట్టి అమ్మిన ఆ బండికి ఏబీఎస్ లేదు. ఉండి చెడిపోలేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే లేదు.

వాన పడిన సాయంత్రం కొత్తగూడ జంక్షన్ దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే మావాడు బ్రేక్ కొట్టాడు. వెనక చక్రం పట్టేసి బండి అడ్డం తిరిగింది. మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయాయి. ఆ సమయానికి వెనక బస్సు లేదు కాబట్టి సరిపోయింది. ఏబీఎస్ ఉన్న బండి ఇలా ఎందుకు పట్టేస్తుందని పుత్లీబౌలిలో మాకు తెలిసిన మెకానిక్‌కి చూపించాం. ఆయన కింద కూర్చోను కూడా లేదు, తాళం తిప్పి మీటర్ చూడమన్నాడు. ఏబీఎస్ ఉన్న బండికి తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, బండి కదిలాక ఆరిపోతుంది. దీని మీటర్‌లో ఆ లైటే రాలేదు. తర్వాత ముందు చక్రం చూపించాడు. డిస్కు పక్కన వరసగా చిల్లులున్న చిన్న రింగు ఒకటి, దాని దగ్గరికి వచ్చే సెన్సార్ వైరు ఒకటి ఉండాలి. రెండూ లేవు. మీ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో మాత్రం "ఏబీఎస్: పనిచేస్తోంది" అని పచ్చ టిక్కు ఉంది. లేని వస్తువు పనిచేస్తోందని ఎవరు, ఎలా చూసి రాశారో నాకు చెప్పాలి.

మీ సెంటర్‌కి వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు: "వీ3 అంటే వీ3నే సార్, అన్నీ ఒకటే."

ఒకటి కాదు. 2008లో మొదటి ఆర్15 వచ్చినప్పుడు కొత్త బండి కొని ఏళ్ళ తరబడి నడిపినవాణ్ణి నేను. అప్పట్లో మన రోడ్ల మీద 150 సీసీ అంటే చాలావరకు కార్బురేటర్, గాలికి చల్లబడే ఇంజిన్. ఆర్15లో లిక్విడ్ కూలింగ్, నాలుగు వాల్వులు, ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు, డెల్టాబాక్స్ ఫ్రేమ్. 149 సీసీకే 17 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) పవర్. గండిపేట రోడ్డు మలుపుల్లో ఆ బండి ఎంత నమ్మకంగా ఒరిగేదో నడిపినవాళ్ళకే తెలుసు. చూసినవాళ్ళు మాత్రం మొదట అనే మాట, వెనక టైరు సన్నగా ఉందని. అది నిజమే, 100 మిల్లీమీటర్ల వెడల్పు టైరు. 2011లో వెర్షన్ 2.0తో ఆ మాట పోయింది. వెనక 130 సైజు రేడియల్ టైరు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే అల్యూమినియం స్వింగ్ ఆర్మ్, రెండు ముక్కల సీటు, ఎల్ఈడీ టెయిల్ ల్యాంప్ వచ్చాయి. వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) 1290 మిల్లీమీటర్ల నుంచి 1345కి పెరిగింది. ఇంజిన్ సైజు అదే, నడక వేరు. పేరు ఒక్కటే అయినా మొదటిదాని టైరు, సీటు రెండోదానికి పనికిరావు.

2018 ఫిబ్రవరిలో ఆటో ఎక్స్‌పోలో వెర్షన్ 3 వచ్చింది. సిలిండర్ బోర్ 57 నుంచి 58 మిల్లీమీటర్లకు పెరిగి ఇంజిన్ 155 సీసీ అయింది. 7400 ఆర్‌పీఎం దగ్గర వాల్వుల తీరు మార్చే వీవీఏ, గేరు తగ్గించినప్పుడు కుదుపు తగ్గించే స్లిప్పర్ క్లచ్, 19.3 పీఎస్, వెనక 140 సైజు టైరు, ముందు 282 మిల్లీమీటర్ల డిస్కు. ఇవన్నీ ఉన్నాయి, ఏబీఎస్ లేదు. 125 సీసీ దాటిన కొత్త మోడళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి అన్న నిబంధన 2018 ఏప్రిల్ నుంచి మొదలైంది. అప్పటికే మార్కెట్లో ఉన్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ వరకు గడువు ఇచ్చారు. వీ3 ఆ గడువులోకి వచ్చింది. డ్యూయల్ ఛానెల్ ఏబీఎస్ ఉన్న వీ3ని యమహా 2019 జనవరిలో విడుదల చేసింది. ఆ ఏడాది డిసెంబర్‌లో కొత్త కాలుష్య ప్రమాణం బీఎస్6కి తగ్గట్టు మార్చిన వీ3 వచ్చింది. పవర్ 18.6 పీఎస్‌కి తగ్గింది, సైడ్ స్టాండ్ వేసి ఉండగా గేరు వేస్తే ఇంజిన్‌ని ఆపేసే స్విచ్ చేరింది. అంటే వీ3 అన్న ఒక్క పేరు కిందే మూడు రకాల బండ్లు ఉన్నాయి.  

ఇప్పుడు మీ యాడ్ చూడండి. నేను స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను. పవర్ 18.6 పీఎస్ అని ఉంది. ఫీచర్లలో సైడ్ స్టాండ్ ఇంజిన్ కటాఫ్ అని ఉంది. ఈ రెండూ బీఎస్6 వీ3వి. మాకు వచ్చిన బండి ఆర్‌సీలో తయారీ నెల 2018 నవంబర్, కాలుష్య ప్రమాణం బీఎస్4. బీఎస్6 వీ3 విడుదలకు ఏడాది ముందే ఈ బండి ఫ్యాక్టరీ దాటింది. సైడ్ స్టాండ్ వేసి ఉండగా గేరు వేసినా ఇంజిన్ ఆగడం లేదు, మీరే వచ్చి చూసుకోవచ్చు. కాబట్టి ఈ బండిని చూసి ఎవరూ యాడ్ రాయలేదు. ఆర్15 వీ3 అని కొడితే మీ సిస్టమ్‌లో వచ్చిన వివరాలను ఉన్నది ఉన్నట్టు అంటించేశారు. రిజిస్ట్రేషన్ 2019 ఫిబ్రవరిలో అయింది కాబట్టి "2019 మోడల్" అన్నారు. తయారీ నెల ఆర్‌సీలోనే ఉన్నా దాన్ని మీ యాడ్‌లో ఎక్కడా చూపించలేదు. ఏబీఎస్ ఉన్న బండికీ లేని బండికీ సరిగ్గా ఆ రెండు మూడు నెలల్లోనే తేడా వచ్చింది. ధర మాత్రం ఏబీఎస్ బండి ధరే తీసుకున్నారు.

మీవాళ్ళు చేసిన ఇంకో పని నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "బ్రేక్ పైపుకి ఏబీఎస్ కిట్ ఫ్రీగా బిగించి ఇస్తాం, టెన్షన్ పడకండి" అన్నారు. చూపించిన వస్తువు బొటనవేలంత ఉంది. అది ఏబీఎస్ కాదు. చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో సెన్సార్లు చెబుతుంటే, పట్టేయబోతున్న క్షణంలో ఆ చక్రానికి బ్రేక్ ఒత్తిడిని సెకనుకు చాలాసార్లు వదిలి మళ్ళీ పట్టించేది ఏబీఎస్. దానికి సెన్సార్లు, కంట్రోల్ యూనిట్, వేరే వైరింగ్ కావాలి. ఈ ముక్కకి చక్రం తిరుగుతోందో ఆగిందో తెలిసే దారే లేదు. అలాంటిది బిగించి "ఇప్పుడు ఏబీఎస్ ఉంది" అని ఒక కుర్రవాడికి చెబితే, వాడు ఆ ధైర్యంతో వానలో గట్టిగా బ్రేక్ కొడతాడు. ఎవరికీ ఈ మాట చెప్పకండి, దయచేసి.

బండి మంచిదే. ఇంజిన్ బాగుంది, ఆ మోడల్ మీద నాకున్న ఇష్టమూ తగ్గలేదు. ఏబీఎస్ లేదని మొదటే రాసి, దానికి తగ్గ ధర పెట్టి ఉంటే, తెలిసి కొనేవాళ్ళు కొంటారు. మేము మాత్రం మావాడు రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఆ ట్రాఫిక్‌లో వెళ్తాడు కాబట్టి ఏబీఎస్ ఉన్నదే కావాలని వెతికాం. మీ యాప్‌లో ఫిల్టర్ పెట్టుకుని మరీ వెతికాం.

బండి వెనక్కి తీసుకుని, కట్టిన డబ్బు, పేరు మార్పిడికీ ఇన్సూరెన్స్‌కీ అయిన ఖర్చు మొత్తం తిరిగి ఇవ్వండి. లేదా 2019 జనవరి తర్వాత తయారై, ఏబీఎస్ లైటు, రెండు చక్రాల సెన్సార్లు మా కళ్ళ ముందు చూపించగల వీ3ని ఇదే ధరకు ఇవ్వండి. ధరలో కొంత తగ్గించి చేతులు దులుపుకుంటామంటే మాకు సమ్మతం కాదు. దాంతోపాటు, మీ యాప్‌లో అమ్మకానికి ఉన్న ప్రతి ఆర్15 వీ3కీ ఆర్‌సీలోని తయారీ నెల చూపించండి. 2018లో తయారైన వాటి పక్కన ఏబీఎస్ అన్న మాట ఈరోజే తీసేయండి. ఇప్పటికే అలాంటివి కొన్నవాళ్ళకు ఫోన్ చేసి నిజం చెప్పండి. వాళ్ళలో చాలామందికి తమ బండికి ఏబీఎస్ లేదన్న సంగతి ఇంకా తెలిసి ఉండదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాం. యాడ్ స్క్రీన్‌షాట్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ఇన్‌వాయిస్, ఆర్‌సీ కాపీ, తాళం తిప్పినప్పుడు మీటర్ తీసిన వీడియో జత చేశాను. బండి మా ఇంటి దగ్గరే ఉంది, మావాడు దాన్ని నడపడం లేదు. తనిఖీకి మీ మనిషిని పంపేటప్పుడు ముందు రోజు ఫోన్ చేయించండి.

ఇట్లు,
కొనుగోలుదారుడి అన్న,
కూకట్‌పల్లి, హైదరాబాద్