2024 వార్షిక నివేదిక: కాలనీ రిడ్జ్ గొడవ, మనం చేసిన పని

హ్యూస్టన్ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, పిల్లల తెలుగు క్లాసులు ఎప్పటిలాగే జరిగాయి, ఫొటోలు మీ ఫోన్లలోనే ఉన్నాయి కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టను. జులై 8న బెరిల్ తుఫానుకి హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయినప్పుడు, జనరేటర్ ఉన్నవాళ్లు మిగతావాళ్లని ఇళ్లకి పిలిచి ఆదుకున్నారు, వాళ్లకి థాంక్స్.

ఇక ఈ ఏడాది మన మీటింగుల్లో సగం టైం తినేసింది కాలనీ రిడ్జ్.

తెలియనివాళ్లకి: హ్యూస్టన్‌కి ఈశాన్యంగా, లిబర్టీ కౌంటీలో, ప్లమ్ గ్రోవ్ దగ్గర వేసిన పెద్ద వెంచర్ అది. క్రెడిట్ స్కోర్ అడిగేవాళ్లు కాదు, కొద్దిగా డౌన్ పేమెంట్ కడితే చాలు, ప్లాట్ అమ్మినవాళ్లే అప్పూ ఇచ్చేవాళ్లు. బ్యాంకు లోన్ దొరకని లాటిన్ అమెరికా వలస కుటుంబాలు అక్కడికి ఎగబడింది అందుకే. 2023లో అది అక్రమ వలసదారుల అడ్డా అని పెద్ద గోల లేచింది, అక్టోబరులో టెక్సాస్ గవర్నర్ అబాట్ ఏకంగా శాసనసభ ప్రత్యేక సమావేశాల ఎజెండాలోనే పెట్టారు. ఆ క్లిప్పులన్నీ మన వాట్సాప్ గ్రూపుకీ వచ్చాయి. హెచ్-1బి మీద వచ్చి పదేళ్లుగా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న మనమే వాళ్ల గురించి ఏమేం రాశామో ఒకసారి వెనక్కి వెళ్లి చదవండి, నేను రాసినవాటితో సహా.

అసలు సంగతి అప్పు కాగితాల్లో ఉంది. 2023 డిసెంబరులో అమెరికా కేంద్ర న్యాయశాఖ, వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ కలిసి ఆ వెంచర్ వేసిన కంపెనీ మీద కేసు వేశాయి. ప్రకటనలు స్పానిష్‌లో ఇచ్చి కాగితాలు ఇంగ్లీషులో ఇచ్చారని, వరద ముప్పు దాచారని, నీళ్లు, కరెంటు, డ్రైనేజీ ఉన్నాయని నమ్మించారని, దాదాపు ప్రతి నాలుగు అప్పుల్లో ఒకటి జప్తుకే వెళ్తోందని ఆరోపణ. 2024 మార్చిలో టెక్సాస్ అటార్నీ జనరల్ కూడా కేసు వేశారు. కంపెనీ మాత్రం ఇవేవీ నిజం కాదంది.

ఇదంతా మనకెందుకు అని కొందరు అడిగారు, అడగడంలో తప్పు లేదు. కానీ ఆ పక్కనే చవగ్గా ఎకరం వస్తోందట, కొందామా అని అడిగినవాళ్లూ మనలోనే ఉన్నారు! అందుకే ఒక లాయర్ గారిని పిలిచి, అమ్మినవాళ్లే అప్పిచ్చే ఒప్పందం ఎలా ఉంటుందో లైను లైనుగా చదివించుకున్నాం. టెక్సాస్‌లో ఇలాంటి జప్తుకి చాలావరకు కోర్టు గుమ్మం ఎక్కాల్సిన పనే లేదని, వేలానికి 21 రోజుల ముందు నోటీసు ఇచ్చి నెలలో మొదటి మంగళవారం అమ్మేయొచ్చని ఆయన చెప్పేసరికి హాల్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫెమా (విపత్తుల్ని చూసే కేంద్ర సంస్థ) వరద మ్యాపులో అడ్రస్ ఎలా వెతకాలో కూడా ఆ రోజే నేర్చుకున్నాం, సొంత ఇల్లు వరద జోన్లో ఉందని అక్కడే కూర్చుని తెలుసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత నెలకో శనివారం కాగితాలు చదివిపెట్టే పని మొదలుపెట్టాం, మనవాళ్లే కాదు, ఎవరొచ్చినా సరే. స్పానిష్ వచ్చినవాళ్లు ఒక్కరే ఉన్నారు, ఆవిడ మీద భారం ఎక్కువైపోయింది, వచ్చే ఏడాదికి ఇంకో ఇద్దరు కావాలి. జమాఖర్చుల షీటు విడిగా పంపాం. ఒక్క మాట, కాగితాలు సంతకానికి ముందు తీసుకురండి. సంతకం అయ్యాక తెచ్చినవి ఈ ఏడాది రెండు చూశాం, లాయర్ ఫోన్ నంబర్ ఇచ్చి పంపడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాం.